బుడ్డదాని వైపు

షట్టర్ తెరిచామని స్పీకర్లోంచి ఆపరేటరమ్మ చెప్పింది. అంతే, ఇక నేను చేసేదేమీ లేదు. వెలుగు పట్టడం మూడు విడతలు, అన్నీ కలిపి ఒక గంట. ఇక్కడ భోజనాల వేళ దాటిన మధ్యాహ్నం, కిటికీ తెర సందుల్లోంచి ఎండ చారలు చారలుగా బల్ల మీద పడుతోంది, కింద క్యాంటీన్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అక్కడ, భూమికి అవతలి పక్కన, కొండ మీద చీకటి, చలి, ఆ చీకట్లో గదంత పెద్ద టెలిస్కోప్ అద్దం ఒకటి చిన్న గెలాక్సీ వైపు తిరిగి కూర్చుంది. ఆ అద్దాన్ని నేను కళ్ళారా చూసింది ఒక్కసారే, పెళ్ళయిన కొత్తలో, మా ఆయనతో వెళ్ళి. ఇప్పుడు ఎవరూ అంత దూరం వెళ్ళనక్కర్లేదు, రెండో అంతస్తులో చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుని ఆకాశాన్ని చూడొచ్చు. చూడొచ్చు అంటున్నాను గానీ కనపడేదల్లా కంప్యూటర్ తెర మీద ఒక పచ్చ గీత, ఎంత సేపు గడిచిందో చెప్పే గీత, అది కదిలీ కదలనట్టు కదులుతోంది. అది చివరికంటా పాకితే తేలేది ఒక్కటే. ఐదేళ్ళ కిందట మా ఆయన ఆ గెలాక్సీలో పట్టుకున్నది నిజంగా కృష్ణబిలమేనా, కాదా.

మా ఆయన అంటున్నాను. బతికున్నన్నాళ్ళూ ఒక్కనాడూ అలా అన్న పాపాన పోలేదు. పేరు పెట్టి పిలిచేదాన్ని, కోపమొస్తే ఇంటిపేరుతో సహా పిలిచేదాన్ని. నువ్వు, నీ మొహం, ఇంతే మా మధ్య మర్యాద. పోయాక ఎక్కడినుంచో గౌరవం వచ్చి కూర్చుంది, నోరు తెరిస్తే ఆయన, వారు. వింటే పడీపడీ నవ్వేవాడు. చూశారా, వాడు అనేశాను, ఒక్క క్షణం మరిచిపోతే మళ్ళీ దగ్గరికి వచ్చేస్తాడు, సరే, వాడేం అనుకోడులే.

పక్క కుర్చీలో అత్తయ్య ఉంది. ఇంట్లో ఉండమంటే వినలేదు. అక్కడ వాడిదాని సంగతి తేలుతుంటే నేనిక్కడ గోడలు చూస్తూ కూర్చోనా అని బూట్లు వేసుకుని నాకంటే ముందు గేటు దగ్గర నిలబడింది. డ్రిల్లు టీచరుగా రిటైరై ఇన్నేళ్ళయినా ఆవిడ కాళ్ళు బూట్లు మానలేదు, గొంతు ఈల మానలేదు. కింద సెక్యూరిటీ అతను బయటివాళ్ళకి పాసు కావాలని గొణిగాడట, ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసి, ముందు వీపు నిటారుగా పెట్టి నిలబడు నాయనా అందట, అతను నిలబడ్డాడు, ఈవిడ లోపలికి వచ్చేసింది. ఇప్పుడు ఏసీ చలికి శాలువా కప్పుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరకి దించి, తెర మీది పచ్చ గీతని క్లాసుకి ఆలస్యంగా వచ్చిన పిల్లని చూసినట్టు చూస్తోంది. ఇప్పుడేం చేస్తోంది అని అడిగింది. చూస్తోంది అత్తయ్యా అన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. ఇంకా చూస్తూనే ఉంది అన్నాను. అంతసేపు చూడ్డానికి ఏముంటుంది అంటుందనుకున్నాను, అనలేదు, శాలువా సర్దుకుంది.

ఈవిడకి ఈ గొడవంతా అర్థమయ్యేలా చెప్పిన మొనగాడు ఆయనే. అన్నం తింటూ చెప్పాడు, చెయ్యి ఎండిపోయేదాకా చెప్పాడు. పెద్ద నక్షత్రం చచ్చిపోయి తనలోకి తాను కూలిపోతే చిన్న కృష్ణబిలం పుడుతుందమ్మా, పది సూర్యుళ్ళ బరువు, ముప్పై సూర్యుళ్ళ బరువు, అలాంటివి బోలెడు కనిపించాయి. మనదానిలాంటి పెద్ద గెలాక్సీల నడిబొడ్డున లక్షల సూర్యుళ్ళ బరువుతో, కోట్ల సూర్యుళ్ళ బరువుతో రాకాసివి కూర్చున్నాయి, అవీ కనిపించాయి. మధ్యలో వేల సూర్యుళ్ళ బరువున్నవి ఉండాలి కదా, ఆ రాకాసివి పుట్టగానే అంత లేవు కదా, ఎప్పుడో ఒకప్పుడు నడిమి బరువులో ఉండే పెరిగి ఉంటాయి కదా, అవి మాత్రం దొరికీ దొరకనట్టే ఉన్నాయి. పసిపిల్లలు కనిపించారు, తాతలు కనిపించారు, మధ్య వయసువాళ్ళు ఎక్కడికి పోయారమ్మా అన్నాడు. అత్తయ్య మజ్జిగ వంచుతూ, మధ్య వయసువాళ్ళు ఎవరికి కనపడతార్రా, పనిలో ఉంటారు అంది. ఆ మాటకి ఆయన పొలమారి దగ్గుతూ నవ్వాడు, ఆ తర్వాత ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా మొదట ఆ మాటే చెప్పేవాడు, మా అమ్మ సిద్ధాంతం అని. మరుగుజ్జు గెలాక్సీల్లో ఎందుకు వెతుకుతున్నావని ఆవిడే అడిగింది. అవి చిన్నవి, పక్కవాటితో కొట్లాడి కలుపుకుని లావెక్కినవి కావు, వాటి నడుమ ఏదైనా ఉంటే అది ఇంకా పెద్దగా పెరిగి ఉండదు అన్నాడు. అందులోనూ మనకి దగ్గరవైతే అంత చిన్నది తిన్న కాస్త వెలుగూ కనపడే అవకాశం ఉంది. దగ్గర అంటే ఎంత అంది. పది కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరిన వెలుగు ఇవాళ చేరేంత దగ్గర అన్నాడు. నీ దగ్గర తగలెయ్యా అని ఆవిడ కంచాలు తీసింది.

అలా వెతికిన కొన్ని వందల మరుగుజ్జుల్లో ఇదొకటి. కేటలాగులో దానికి బారెడు అంకె ఉంది, ఇంట్లో దాని పేరు బుడ్డది. రూపం లేదు, సుడి తిరిగే చేతులు లేవు, గిన్నెలో పాలు విరిగినట్టుంటుంది, నడుమ ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం కూడా కష్టం. ఐదేళ్ళ కిందట, ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర, దాని వెలుగుని రంగులుగా విడగొట్టి చూశాడు. హైడ్రోజన్ ఎర్రటి గీత ఉండవలసిన చోట సూదిలా లేచి నిలబడింది, అది అందరికీ ఉండేదే, కొత్త నక్షత్రాలు పుట్టే చోటల్లా ఉంటుంది. ఆ సూది అడుగున మాత్రం రెండు పక్కలా వెడల్పుగా, మెత్తగా, ఒక గుట్ట. ఆ గుట్టకి అర్థం, అక్కడ వాయువు కొంత మన వైపు, కొంత అవతలి వైపు, సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో పరుగులు పెడుతోందని. ఏదో బరువైనది దాన్ని తన చుట్టూ తిప్పుకుంటే అలా పరుగులు పెడుతుంది. లెక్క వేస్తే అరవై వేల సూర్యుళ్ళు. నాకు ఫోన్ చేశాడు. ఎవరూ వినకూడదన్నట్టు చాలా నెమ్మదిగా, మధ్య వయసాయన దొరికాడే అన్నాడు. నేను మార్కెట్లో ఉన్నాను, చేతిలో సంచి ఉంది, ఏ మధ్య వయసాయన, ఎవరు తప్పిపోయారు అన్నాను. అవతల కుర్చీలో గిరగిరా తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

అది కాదేమో అన్నవాడు ఒక్కడే. అసలు అతనికి పడ్డ పేరే కాదేమో, మా పరిశోధన సంస్థలో ఎవరూ అసలు పేరుతో పిలవరు, అతనికీ తెలుసు. మా ఆయనా అతనూ ఒకే హాస్టల్లో చదువుకున్నారు. ఎవరు ఏం కనిపెట్టినా తల ఒక పక్కకి వంచి కాదేమో అనడం అతని పని, ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు, అందుకే ఏ వ్యాసమైనా బయటికి పంపే ముందు అతని మొహాన కొట్టి చూసుకుంటాం. బుడ్డదాని వర్ణపటం చూసి, పేలుతున్న నక్షత్రం కూడా ఇలాగే ఉంటుంది కదరా అన్నాడు. నక్షత్రం సూపర్నోవాగా పేలిపోతే దాని తునకలు అంతే వేగంతో నాలుగు పక్కలా చిమ్ముకుంటాయి, అక్కడా ఇలాగే గుట్ట లేస్తుంది, ఒక్క రాత్రి చూసి రెంటికీ తేడా చెప్పలేం. తేడా చెప్పగలిగింది కాలమే. కృష్ణబిలమైతే గుట్ట ఏళ్ళ తరబడి ఉంటుంది, నక్షత్రం చావైతే మెల్లగా అణిగిపోతుంది. మా ఆయన ఒప్పుకోలేదు. నక్షత్రం పేలితే ఆకాశాన్ని రోజూ గాలించే కెమెరాలు ఇన్ని ఉన్నాయి, ఒక్కటీ పట్టుకోలేదేం అన్నాడు. బుడ్డది ఆ నెలల్లో సూర్యుడి వెనక ఉండి ఉండొచ్చు, పగటి ఆకాశంలో ఎవరు చూస్తారు అన్నాడు అతను. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి వ్యాసంలో ఒక్క వాక్యం చేర్చారు, ఇది సూపర్నోవా అయ్యే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం, మళ్ళీ చూడాలి అని. ఆ వాక్యం చేరుస్తున్నప్పుడు ఆయన నిమ్మకాయ కొరికినట్టు మొహం పెట్టాడు. మళ్ళీ చూడాలి అంటే ఎవరు చూస్తారని అప్పుడు ఎవరమూ అనుకోలేదు, ఆయనే చూస్తాడు, ఇంకెవరు. రెండేళ్ళు తిరక్కుండా ఒంట్లో బాగోలేదన్నాడు, పరీక్షలన్నారు, ఆస్పత్రి అన్నారు, అంతే, ఎంత త్వరగా అయిపోయిందో నాకిప్పటికీ నమ్మకం కుదరదు. పోయిన ఏడాది నాకు టెలిస్కోప్ దొరికితే కొండంతా మబ్బు. ఈ ఏడాది దొరికింది ఈ గంటే.

రెండో విడత మొదలుపెడుతున్నాను అంది ఆపరేటరమ్మ. పలచని మబ్బు తునక ఒకటి పక్కనుంచి పోతోందట, ఫరవాలేదట, గైడ్ స్టార్ గట్టిగానే ఉందట. గైడ్ స్టార్ అంటే టెలిస్కోప్ చూపు చెదరకుండా పట్టుకుని ఉండే పక్క నక్షత్రం, దాని అంకె ఆవిడ చదివితే నాకు మా పాత వీధికి వెళ్ళే బస్సు నంబరు విన్నట్టనిపించింది, ఎందుకంటే ఐదేళ్ళ కిందట దాన్ని ఏరినవాడు ఆయనే. దానికంటే దగ్గరగా ఇంకో నక్షత్రం ఉందని నేను అప్పట్లో చెప్పాను, వినలేదు, ఇది నమ్మకమైనది అన్నాడు. ఇదిగో, ఇంకా పట్టుకునే ఉంది. మొదటి విడత ఫైలు వచ్చేసింది, తెర మూలన దాని పేరు కనిపిస్తోంది, ఒక్క నొక్కు నొక్కితే తెరుచుకుంటుంది. నొక్కను. మా ఇంట్లో ఒక నియమం ఉంది, ఆయన పెట్టిందే, కోరుకున్నవాళ్ళు కొలవకూడదు అని. ఆయన గెలాక్సీలని నేను కొలిచేదాన్ని, నా వాటిని ఆయన కొలిచేవాడు, అదీ పేర్లు తీసేసి, పాతవాటితో కలిపి, ఏది ఎవరిదో తెలియకుండా. ఎందుకంటే కోరుకునే కన్ను చదును నేల మీద కూడా గుట్ట చూస్తుంది. గీతల మీది గరుకుని కొంచెం నునుపు చేస్తే చాలు, ఇంకొంచెం నునుపు చేస్తే చాలు, ఎక్కడైనా గుట్ట లేస్తుంది, ఎవరూ అబద్ధమాడినట్టు కూడా ఉండదు. ఈ పనిలో మోసపోయినవాళ్ళు ఎక్కువమంది మోసగాళ్ళు కారు, ఆశపడ్డవాళ్ళు. నేను ఆశపడుతున్నాను. అత్తయ్య ఆశపడుతోంది. అందుకని కొలత కాదేమోకి అప్పగించాను, పక్క గదిలో ఉన్నాడు, అన్నీ వచ్చాక వస్తానన్నాడు. ఈ ప్రపంచంలో బుడ్డదాని మీద ఆశ లేని మనిషి నాకు తెలిసి అతనొక్కడే.

ఏం కోరుకుంటున్నాను నేను, ఆయన పేరు నిలవాలనా? అదేం కాదు, పేరు నిలిస్తే ఆయనకి ఒరిగేదేముంది, నాకూ లేదు, ఉన్న పేరునే సరిగ్గా పిలవలేదు. మనిషి పోయాక అన్నీ పాతవైపోతాయి, అదీ నా బాధ. ఆయన మాటలు పాతవి, జోకులు పాతవి, ఫోటోలు ఎన్నిసార్లు తిరగేసినా అవే, ఆయన గురించి ఎవరేం చెప్పినా నాకు ముందే తెలుసు, వాళ్ళు సగంలో ఉండగానే నేను నవ్వడం మొదలుపెడతాను. మూడేళ్ళలో ఆయన గురించి నేను వినబోయే కొత్త కబురు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఇంకా తేలనిది ఇదొక్కటే మిగిలింది. అందుకే పోయిన ఏడాది మబ్బు పట్టినప్పుడు అందరూ అయ్యో అంటుంటే, నేనూ అయ్యో అన్నాను గానీ, ఇంటికెళ్ళేటప్పుడు ఏదో తేలిగ్గా ఉంది, ఇంకో ఏడాది ఉంటుందిలే అనిపించింది. కోపం కూడా ఉంది. అంత కంగారుగా ఎందుకు పోవాలి, ఈ కుర్చీలో తను కూర్చుని గోళ్ళు కొరుక్కోవాల్సింది, నేను పక్కన టీ తెచ్చి పెట్టి, కాకపోతే ఏమైంది ఇంకోటి వెతుకుదువులే అనాల్సింది. అది నా పని. తన పని నాకు అంటగట్టి పోయాడు. ఇందులో నేను చేసేది కూడా ఏమీ లేదు, ఆ వెలుగు బయలుదేరి పది కోట్ల ఏళ్ళయింది, అవునో కాదో అప్పుడే తేలిపోయింది, దారిలో ఉన్న జవాబు వచ్చి అద్దం మీద పడుతోంది, అంతే.

అత్తయ్య కునుకు తీస్తోంది, మెడ మాత్రం నిటారుగానే ఉంది. నిద్రలో కూడా వరస తప్పని మనిషి. ఆయన పోయాక నీ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతావా అని నన్ను అడగలేదు, నేనూ మీరెక్కడ ఉంటారని అడగలేదు, ఆ మర్నాడు పొద్దున్నే లేచి రెండు కప్పులు కాఫీ పెట్టింది, ఒక కప్పు నా ముందు పెట్టింది, అలా తేలిపోయింది. మేమిద్దరం కూర్చుని ఆయన గురించి ఏడ్చింది తక్కువే. బుడ్డదాని గురించి మాత్రం తరచు మాట్లాడుకుంటాం. ఇవాళ పైకి వచ్చిందా, మన ఇంటి మీదనుంచి కనపడుతుందా, కళ్ళతో కనపడదు అత్తయ్యా అంటాను, ఏ దిక్కునైనా ఉంటుంది కదా, ఆ దిక్కు చెప్పు చాలు అంటుంది. చెబుతాను. ఆ దిక్కుకి తిరిగి కుర్చీ వేసుకుంటుంది. కొడుకు ఊరెళ్ళి ఏ హోటల్లో దిగాడో తెలిస్తే చాలన్నట్టుంటుంది ఆవిడ మొహం. కాదని తేలితే రేపటినుంచి కుర్చీ ఎటు వేసుకుంటుందో, అది తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది.

మూడో విడత అయిపోయింది. షట్టర్ మూశాను, ఫైళ్ళన్నీ మీ దగ్గరికి వచ్చాయి, చూసి చెప్పండి, టెలిస్కోప్ ఇంకా కాసేపు మీదే అంది ఆపరేటరమ్మ. నేను తెరవకుండానే మూడింటినీ కలిపే ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాను, అది కలిపి, కడిగి, పేరు తీసేసి, ఇంకో ఐదు పాత వర్ణపటాల మధ్య పెట్టింది. కాదేమో వచ్చాడు. అత్తయ్య వైపు చూసి నిద్ర లేపకుండా చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాడు. మూల బల్ల దగ్గర మాకు వీపు చేసి కూర్చున్నాడు. మామూలుగా అతనికి ఒక్కో వర్ణపటానికి గుక్కెడు టీ తాగినంత సమయం పడుతుంది, కాదు, కాదు, కాదేమో, అవును, కాదు, అలా చకచకా తేల్చేస్తాడు. ఇవాళ ఎంతకీ లేవలేదు. మౌస్ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. భుజాలు కిందికి దిగాయి. నేను తెర వైపు చూడకుండా, బల్ల మీది ఎండ చారలు కొంచెం కొంచెం పక్కకి జరగడం చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి కుర్చీ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పిలిచాడు.

"చెల్లెమ్మా," అన్నాడు.

ఈ సంస్థలో ఇన్నేళ్ళుగా నేను అతనికి మేడమ్‌నే. చెల్లెమ్మా అని ఒక్కసారే పిలిచాడు, మూడేళ్ళ కిందట, ఆస్పత్రి మెట్ల మీద. ఇంక అతను చెప్పక్కర్లేదు. అయినా చెబుతున్నాడు, ఆరింటిలో నాలుగోది బుడ్డదేనని పేరు లేకపోయినా పోల్చేశానని, దాని దగ్గర ఏమీ తేల్చుకోలేకపోయానని, మబ్బు తునక వల్ల కావచ్చని, కొంచెం నునుపు చేస్తే ఏదో ఉన్నట్టే కనపడుతోందని, వచ్చే ఏడాది ఇంకోసారి చూసి చెబితే మంచిదని. కాదేమో నోట అన్ని అవునేమోలు నేనెప్పుడూ వినలేదు. అతని చేతులు కళ్ళజోడుని తుడిచిందే తుడుస్తున్నాయి.

"మీరు కూడా కోరుకున్నారా?" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. "వాడితో వారం రోజులు మాట్లాడలేదమ్మా నేను. నాది తప్పయితే బాగుండునని రోజూ అనుకుంటున్నాను," అన్నాడు.

అయితే ఇక కోరుకోనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎవరు కొలిచినా ఒకటే. లేచి వెళ్ళి అతని భుజం మీదుగా చూశాను, నునుపు చేసిందంతా తీసేయమన్నాను, తీసేశాడు, పక్కన ఐదేళ్ళ కిందటి గీత పెట్టమన్నాను, పెట్టాడు. పాతదాంట్లో సూది, సూది అడుగున గుట్ట. కొత్తదాంట్లో సూది ఉంది, అంతే ఎత్తున, అంతే పదునుగా. దాని అడుగున నేల చదునుగా ఉంది. కోరుకునే కన్నుకి కూడా చదునుగానే కనపడింది. మబ్బు కాదు, నునుపు కాదు, అక్కడేమీ లేదు. "నక్షత్రం," అన్నాను నేను. "సూపర్నోవా. ఆ మాట మీరే రాయండి, ఆ వాక్యం మీది." అతను తల ఊపి, రాయకుండా అలాగే కూర్చున్నాడు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను, అప్పుడు చూస్తే అత్తయ్య కళ్ళు తెరిచి ఉంది. ఎప్పుడు లేచిందో.

కాదా, అని అడిగింది. కాదత్తయ్యా అన్నాను. చెప్పాను, తప్పించుకోవడానికి ఏమీ కలపకుండా చెప్పాను. అది కృష్ణబిలం కాదు, ఒక నక్షత్రం, అప్పుడు పేలిపోయింది, ఆ వెలుగు అణిగిపోయింది, ఇప్పుడక్కడ ఏమీ లేదు. ఆవిడ శాలువా కొస వేలికి చుట్టుకుంటూ వింది. మొహంలో ఏ మార్పూ లేదు, పరీక్షలో తప్పిన పిల్లల తల్లుల ముందు ఇలాగే కూర్చునేదేమో.

"అయితే వాడు చూసినప్పుడే అది చచ్చిపోతోందా?"

"ఆ నెలల్లోనే అత్తయ్యా. ఆ వెలుగు మన దాకా వచ్చింది అప్పుడే."

"ఇంకెవరు చూశారు?"

నేను కాదేమో వైపు చూశాను. అతను లేదన్నట్టు తలాడించాడు. ఎవరూ చూడలేదు. కెమెరాలన్నీ వెతికించింది మా ఆయనే కదా, ఆ వాదన గెలవడానికి. వెలిగినప్పుడు బుడ్డది సూర్యుడి వెనక ఉంది, సూర్యుడు పక్కకి తప్పుకునేసరికి ఆ నక్షత్రం వెలుగు చాలా వరకు తగ్గిపోయింది, కొండ మీది అద్దాలన్నీ వేరే వేరే వైపు తిరిగి ఉన్నాయి. ఉన్నదల్లా ఒక్క రాత్రి తీసిన ఆ ఒక్క గీతే. "ఇంకెవరూ చూడలేదు," అన్నాను.

అత్తయ్య శాలువా కొసని వేలినుంచి విప్పింది. తర్వాత, ఎవరితోనూ కాదు, తనతో తాను అనుకున్నట్టు అంది. "అయితే అది పోయేటప్పుడు మావాడొక్కడే దగ్గరున్నాడన్నమాట."

ఆయన పోయినప్పుడు మేమిద్దరం దగ్గర లేము. అత్తయ్య బస్సులో ఉంది, వస్తోంది. నేను కింద మందుల కౌంటరు దగ్గర వరసలో ఉన్నాను, నా ముందు ఇంకా ముగ్గురున్నారు. నేను పైకి వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగుతోంది. మూడేళ్ళుగా మా ఇంట్లో ఎన్నో మాటలు దొర్లాయి, ఆ మాట ఒక్కటీ రాలేదు. ఇద్దరం దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తూ వచ్చాం. ఇప్పుడు ఆవిడ దాన్ని చేత్తో తీసి బల్ల మీద పెట్టింది, నాకు చెప్పడానికి కూడా కాదు, అలా వచ్చేసింది. ఏడుపు అప్పుడు వచ్చింది నాకు, ఆపుకోలేదు. అత్తయ్య నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఓదార్చడానికి వేసినట్టు లేదు, తనకి ఊతానికి వేసినట్టుంది. కాదేమో కిటికీ దగ్గరికి వెళ్ళి తెర సందులోంచి క్యాంటీన్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

స్పీకర్లో ఆపరేటరమ్మ గొంతు సవరించుకుంది. మీకు ఇంకా కొంచెం సమయం మిగిలి ఉంది, జాబితాలో తర్వాతి గెలాక్సీకి తిప్పమంటారా అని అడిగింది. తిప్పడమే పద్ధతి. ఆ అద్దం ముందు ప్రతి నిమిషానికీ ప్రపంచంలో ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు, అయిపోయినదాని వైపు ఎవరూ అద్దాన్ని ఊరికే నిలబెట్టరు. ముక్కు తుడుచుకుని, తిప్పండి అందామని మైకు మీద చెయ్యి పెట్టాను.

"ఇంకాసేపు అక్కడే ఉంచమను," అంది అత్తయ్య.

కాదేమో ఇటు తిరిగాడు. వ్యర్థం అంటాడని చూశాను. అతను వచ్చి మూడో కుర్చీ లాక్కుని అత్తయ్యకి అటు పక్కన కూర్చున్నాడు. నేను మైకు నొక్కి, వద్దమ్మా, ఇంకో విడత అక్కడే తీయండి అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. షట్టర్ తెరిచామని చెప్పింది.